పాదానికి పాదం

ఘోణదుర్గం అంత అందమైన కోట ఏడు రాజ్యాల్లో లేదని చెప్పుకునేవారు. అలా చెప్పుకునేవాళ్ళలో నూటికి తొంభైమంది దాన్ని దూరం నుంచి చూసినవాళ్ళే. నీలసరస్సు నడుమ పాలరాతి గోడలు, గోడల మీద రాగి గోపురాలు, గోపురాల మీద పొద్దుటెండ. గట్టున విరబూసిన మొగలిపొదలు, నీళ్ళ మీద ఎర్రకలువలు, కలువల మధ్య ఒయ్యారంగా ఈదే రాయంచలు. గాలి వీచినప్పుడల్లా బురుజులకు కట్టిన వెండిగంటలు సన్నగా మోగేవి. దగ్గరికి వెళితేగానీ తెలియదు, సింహద్వారానికి కట్టిన తోరణంలో మామిడాకులు లేవని. మనుషుల ఎండిపోయిన పాదాలను తాడుకు గుచ్చి బారుగా వేలాడదీశారు.

ఆ కోటను ఏలేవాడు కాలఘోణుడు. పుట్టుకతో రాజు కాడు, మంత్రం పట్టి రాజైనవాడు. వాడికి కవిత్వమంటే ప్రాణం. తన ప్రాణం కాదు లెండి, ఇతరులది.

గట్టు నుంచి కోటకు ఒక్కటే దారి. నీళ్ళలోంచి పైకి లేచిన యాభై ఆరు రాళ్ళు, ఒక్కో రాతి మీద ఒక్కో అక్షరం. వరసగా చదువుకుంటూ పోతే అది ఒక ఆటవెలది పద్యం.

రక్త మింకినట్టి రాతిబాటను నీవు
దాటదలచినావొ తడయకుండ
గురువు లఘువు నెఱిగి కుదురుగా నడుగిడు
అద్రుచు నిలుచువాని యడుగు తెగును

ప్రతి రాతి అంచునా ఒక సన్నని చీలిక, చీలికలో ఒక కత్తి. అడుగు సరిగ్గా పడితే కత్తి కదలదు. తప్పు పడితే కదులుతుంది. అంతే, చూసుకోవడానికి కాలు ఉండదు.

ఆ పొద్దుటే గట్టు మీదికి వచ్చి నిలబడ్డవాడు ఇప్పలపాడు కమ్మరి గొంకన. రాతి అంచున తొంగిచూస్తున్న మొదటి కత్తిని వాడు వంగి చూశాడు. పిడి దగ్గర చిన్న వేపాకు గుర్తు. అది వాడి గుర్తే.

రెండేళ్ళ కిందట, రాజుగారి చెరుకుతోటకు కావాలని చెప్పి యాభై ఆరు కత్తులు చేయించుకుపోయారు. వాడు సుత్తితో చోటు చూపిస్తుంటే, వాడి పెళ్ళాం లక్కమ సమ్మెట ఎత్తి కొట్టింది. ఆలుమగలిద్దరూ ముచ్చటపడి చేసిన పని. మొన్న అవే కత్తులు పదును పోయాయని తిరిగి వచ్చాయి. ఒకదాని అంచున మనిషి కాలిగోరు ఒకటి అతుక్కుని ఉంది. గొంకన ఆ కత్తులు తెచ్చిన భటుల మొహానే పట్టకారు విసిరికొట్టి, పదును పెట్టేది లేదు పొమ్మన్నాడు. భటులు పోతూపోతూ లక్కమను ఎత్తుకుపోయారు. మొండి కత్తులనే మళ్ళీ రాళ్ళలో బిగించారు. మొండివైతే మరీ ఘోరం, ఒక్క వేటుకు తెగదు.

అవతలి ఒడ్డున, సింహద్వారం ముందు, స్తంభానికి కట్టేసి ఉంది లక్కమ. నోట్లో గుడ్డ కుక్కారు. పక్కన పులితోలు పరిచిన ఆసనం మీద కాలఘోణుడు కూర్చుని తీరిగ్గా ద్రాక్షపళ్ళు తింటున్నాడు. గొంకనను చూసి కొమ్ముబూరా నోటికి పెట్టుకుని అరిచాడు.

"ఒరే కమ్మరీ! వచ్చావూ? బాగుంది. సూర్యుడు నడినెత్తికి వచ్చేలోగా ఈ నాలుగు పాదాలూ దాటు. దాటితే నాలుగు పాదాలూ నీవే! తప్పితే మాత్రం పాదానికి పాదం. రాకపోయావో, మధ్యాహ్నానికి దీని పాదాలు తోరణానికి ఎక్కుతాయి. ఇది నా మాట!"

కాలఘోణుడు ఎంత దుర్మార్గుడైనా ఆడినమాట తప్పడు. మంచితనం వల్ల కాదు. అన్నమాటలో అక్షరం తప్పితే వాడి మంత్రం వాడినే కాల్చేస్తుంది. ఆ సంగతి రాజ్యమంతా ఎరిగిందే. 'నావి రెండు, దానివి రెండు. నాలుగు పాదాలతో ఇంటికి నడిచిపోతాం' అనుకున్నాడు గొంకన. వాడి ప్రాణం కొంచెం కుదుటపడింది.

"తొందరపడి కాలు పెట్టకు నాయనా!" అని మొగలిపొద వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

చక్రాలు బిగించిన పలక మీద, చేతులతో నేలను తోసుకుంటూ ఒక ముసలాయన ముందుకు వచ్చాడు. ఆయనకు మోకాళ్ళ కిందంతా శూన్యం.

"నా పేరు పేరయభట్టు. ఆ పద్యంలో మొదటి మూడు పాదాలూ నేను రాసినవే."

గొంకన పిడికిలి బిగుసుకుంది. "తమరా రాసింది? ఎందుకు రాశారయ్యవారూ ఇంత పాపిష్టి పద్యం?"

"గండపెండేరం తొడుగుతానన్నాడు" అన్నాడు ముసలాయన, తల దించుకుని. "కవి కాలికి అంతకన్నా గొప్ప నగ లేదు. సభ చేశాడు, మేళాలు పెట్టించాడు, తన చేత్తోనే తొడిగాడు. తొడిగాక, ఈ నగ నా కోటలోనే ఉండాలి అని చెప్పి, కాలితో సహా ఉంచేసుకున్నాడు. రెండోది ఎందుకు తీశావని అడిగితే, జత విడదీయడం అన్యాయం కదా అన్నాడు. అదిగో, తోరణంలో మెరుస్తోందే, అది నాదే."

గొంకన బిగించిన పిడికిలి విప్పాడు. కత్తులు చేసినవాడు తను, పద్యం రాసినవాడు ఆయన. ఒకరినొకరు తిట్టుకోవడానికి ఇద్దరికీ మొహం లేదు.

"నాకు అక్షరాలు వచ్చు గానీ పద్యాలు రావు" అన్నాడు చివరికి. "ఎట్లా నడవాలో చెప్పండి చాలు. పొద్దెక్కుతోంది."

"ఏడాది పట్టే చదువు. ఒక్క గడియలో చెప్తాను, విను. అక్షరాలు రెండే రకాలు. చిటికె వేసేంత సేపు పలికేది లఘువు. దానికి రెట్టింపు సేపు పట్టేది గురువు. లఘువు రాయి మీద ఒంటికాలి మునివేళ్ళు తాకించి వెంటనే లేవాలి. గురువు రాయి మీద రెండు పాదాలూ అదిమి మోపాలి."

గొంకన ఒక్క క్షణం ఆలోచించాడు. "అంటే సుత్తి దెబ్బ లఘువు, సమ్మెట దెబ్బ గురువు. అంతేనా?"

ముసలాయన కళ్ళు పెద్దవయ్యాయి. "ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. ఒక్క శిష్యుడూ ఇంత సులువుగా అందుకోలేదురా! సరే, ఏది గురువో విను. దీర్ఘం ఉంటే గురువు. సున్నా పక్కనుంటే గురువు. ఇక జంటక్షరం ఉందనుకో, అది కాదు, దాని ముందున్నది గురువవుతుంది. వెనక ఇద్దరు కలిసి తోస్తే ముందున్నవాడు నేలకు అదుముకుపోతాడు చూడూ, అట్లా. రక్త అన్నప్పుడు క్త జంట, బరువు ర మీద పడింది. మిగిలినవన్నీ లఘువులే."

"దెబ్బల లెక్క ఏమన్నా ఉందా? మాకు సాగగొట్టేటప్పుడు ఒక వరస, మడతపెట్టేటప్పుడు ఒక వరస ఉంటుంది."

"ఉంది! ఆ వరసనే గణం అంటాం. ఆటవెలదిలో రెండో పాదం, నాలుగో పాదం చాలా సుఖం. రెండిట్లోనూ ఐదేసి గణాలు. ప్రతి గణమూ ఒక సమ్మెట, ఒక సుత్తి అయినా కావాలి, లేదా మూడు సుత్తి దెబ్బలైనా కావాలి. మరో వరస రాదు. ఒకటో పాదం, మూడో పాదం మొదట్లో మూడు గణాలూ అలాగే ఉంటాయి, చివరి రెండూ కాస్త పెద్దవి."

గొంకన నేలమీద వేళ్ళతో కొట్టి చూసుకున్నాడు. ధాం త, త త త. తర్వాత ఏదో గుర్తుకొచ్చి, ధాం త ధాం అని కొట్టాడు.

"ఇది ఏ గణం అయ్యవారూ? మా లక్కమ అస్తమానం కొట్టేది. దాగలి దిమ్మ మీద అట్లా కొట్టిందంటే, ఇనుము చల్లారింది, మళ్ళీ కొలిమిలో పెట్టు అని. పనిలో నోరు విప్పదు, అన్నీ సమ్మెటతోనే చెబుతుంది."

"గురువు, లఘువు, గురువు. అది రగణం. దానికి దేవత అగ్ని" అన్నాడు పేరయభట్టు. "మీ ఆవిడకు ఎవరు చెప్పారో గానీ సరిగ్గానే చెప్పారు. ఇంకొక్క సంగతి. ప్రతి పాదంలోనూ నాలుగో గణం మొదటి అక్షరం, పాదం మొదటి అక్షరానికి చుట్టం. దాన్ని యతి అంటాం. దారిలో ఊపిరి పీల్చుకోదగ్గ రాయి అదొక్కటే. కత్తి అక్కడ నిద్రపోతుంది. ర కు రా చుట్టం, దా కు త చుట్టం, గు కు కు చుట్టం. మూడు పాదాలకూ అవి. నాలుగో పాదం…"

"నాలుగోది?"

"అది నాది కాదు. నా కాళ్ళు పోయాక వాడే రాసుకున్నాడు. ఇప్పటిదాకా దాన్ని దాటినవాడు లేడు. దాని మీద మెలిక ఏదో ఉంది, ఇక్కణ్ణుంచి చూస్తే నా కళ్ళకు అక్షరాలు ఆనవు."

వాళ్ళు ఈ మాటల్లో ఉండగానే పొద చాటునుంచి ఒక మనిషి ఒక్క గంతులో రాళ్ళ మీదికి దూకాడు. నడుముకు రెండు కత్తులు, మీసానికి నిమ్మకాయ నిలిచే పొగరు. దండెన అని, కూలికి యుద్ధాలు చేసే రౌతు. కోటలో ఉన్న నిధి కోసం వారం రోజులుగా అక్కడే పొంచి ఉన్నాడు.

"ఓ పంతులూ, చెప్పినంత చాలు! ముందు పోయినవాడిదే నిధి!" అని నవ్వుతూ పరుగెత్తాడు.

నిజం చెప్పుకోవాలి, బాగానే నడిచాడు. ర మీద రెండు కాళ్ళు, క్త మీద ఒంటికాలు, మిం మీద రెండు కాళ్ళు. మొదటి పాదం దాటాడు. పాదం చివర వెడల్పాటి పలకరాయి మీద నిలబడి వెనక్కి తిరిగి మీసం దువ్వాడు. రెండో పాదమూ దాటాడు. మూడో పాదం మొదటి మూడు రాళ్ళ మీదా 'గురువు' అని చదివాడు. చదివి ఊరుకుంటే బాగుండేది.

"గురువు! ఇంకేం!" అంటూ గు మీద రెండు కాళ్ళూ బలంగా ఊన్చి దూకాడు.

గురువు అన్న మాటలో ఒక్క గురువు కూడా లేదు. మూడూ లఘువులే. పేరు చూసి మోసపోయినవాళ్ళలో దండెన మొదటివాడు కాడు. కత్తి మొండిది కదా, మూడుసార్లు కదిలింది. అతని కేక సరస్సు మీద చాలాసేపు తిరిగింది. నీళ్ళలో పడ్డాక మొసళ్ళు మిగతా పని చూసుకున్నాయి. రాయంచలు కొంచెం పక్కకు జరిగి మళ్ళీ ఈదసాగాయి.

కాలఘోణుడు చప్పట్లు కొట్టాడు. "నామం చూసి నమస్కారం పెట్టాడు పాపం! ఒరే, ఆ రెండూ ఏరి తోరణానికి కట్టండి. కుడివైపు వెలితిగా ఉంది."

గొంకన మొహం తుడుచుకుని లేచాడు. చెప్పులు విప్పి పేరయభట్టు పక్కన పెట్టాడు.

"అయ్యవారూ, దీవించండి."

"కాళ్ళు పోగొట్టుకున్నవాడి దీవెన ఎందుకురా నీకు!" అంటూనే ముసలాయన వాడి పాదాలను రెండు చేతులతో తాకి కళ్ళకు అద్దుకున్నాడు. "కంటితో చదవకు, చెవితో చదువు. వెళ్ళు."

గొంకన మొదటి రాతి మీద కాలు పెట్టాడు.

వాడు అక్షరాలు చూడలేదు. దాగలిని తలుచుకున్నాడు. లక్కమ సమ్మెట, తన సుత్తి. ధాం త, ధాం త, ధాం త. రా మీద ఊపిరి పీల్చాడు. కాలి కింద తన సొంత కత్తులు చీలికల్లో అటూ ఇటూ కదలడం తెలుస్తూనే ఉంది. దండెనకు నిలిచిన రాళ్ళే అయినా, ఈసారి కాలఘోణుడు సైగ చేశాడేమో, రెండో పాదంలో తను వదిలిన రాయి వదిలినట్టే నీళ్ళలోకి కుంగిపోసాగింది. వెనక్కి దారి లేదన్నమాట. త మీద నిలిచి చూస్తే, నీటిలోంచి ఒక మొసలి దవడ రాతి అంచుకు ఆనించి వాడి మడమల వంకే చూస్తోంది. వాడు ఆగలేదు. మూడో పాదం పదిహేడు రాళ్ళూ దండెన నెత్తుటితో జారుతున్నాయి. పదహారు లఘువులు, ఒక్కటే గురువు. పిల్లిలా పదకొండు, పన్నెండు అని మునివేళ్ళతో తాకుతూ పోయి, గా మీద రెండు పాదాలూ ఊన్చి, మళ్ళీ నాలుగు అంగల్లో పలకరాతి మీద పడ్డాడు. పడ్డవాడికి కాళ్ళు రెండూ ఉన్నాయో లేదో చేత్తో తడుముకుని చూసుకున్నాడు.

ఎదురుగా నాలుగో పాదం. పధ్నాలుగు రాళ్ళు. ఆ చివర లక్కమ.

కాలఘోణుడు ద్రాక్షగుత్తి పక్కన పెట్టి ముందుకు వంగాడు. పెదవి తడుపుకున్నాడు.

"నిలవకు కమ్మరీ! ఆ పలకరాయి ఎక్కువసేపు ఉండదు!"

నిజమే, రాయి అప్పుడే చీలమండల దాకా మునిగింది. గొంకన అక్షరాలు చూశాడు. అ. ద్రు. చు. ద్రు జంటక్షరం. జంటక్షరం ముందున్నది గురువు. అయితే అ మీద రెండు కాళ్ళూ ఊనాలి. వాడు మోకాళ్ళు వంచి దూకబోయాడు.

దూకబోతూ, అలవాటు కొద్దీ ఆ మాట పైకి అన్నాడు. "అద్రుచు…"

నాలుక అ మీద ఆగలేదు! రక్త అన్నప్పుడు ర మీద ఎంత బరువు పడింది! ఇక్కడ ఆ బరువే లేదు. అదురుచు అనే మాట తొందరలో కాస్త నలిగిందంతే. ర ఒత్తు ఉన్నట్టు కంటికి కనిపిస్తోంది గానీ నోటికి తేలిపోతోంది. సమ్మెట పడవలసిన చోటు కాదిది. లక్కమ అయితే ఇక్కడ కొట్టదు. పైగా అయ్యవారు ఏమన్నాడు? నాలుగో పాదంలో సమ్మెట, సుత్తి అయినా కావాలి, మూడు సుత్తులైనా కావాలి. అ సమ్మెట అయితే లెక్క ముందుకు పోయి చు, వా దగ్గర తప్పుతుంది; సుత్తి ముందు, సమ్మెట వెనక పడే వరస లేనే లేదు.

నీళ్ళు మోకాళ్ళకు వచ్చాయి. గొంకన ఒంటికాలి మునివేళ్ళతో అ ను తాకాడు.

కత్తి కదలలేదు.

ద్రు. చు. ని లు చు. వా మీద రెండు కాళ్ళు, ని మీద ఒకటి. రొమ్ములో ఊపిరి అయిపోయింది. మొదటి అక్షరం అ కదా, దాని చుట్టం ఏదీ? ఎక్కడా మరో అ కనిపించదు. కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. యడుగు. అడుగే అది! అ ముందు య ముసుగు వేసుకుని మారువేషంలో నిలబడింది. గొంకన య మీదికి దూకి రెండు కాళ్ళూ ఆన్చి నిలబడ్డాడు. కత్తి నిద్రపోయింది. వాడు మూడు గుక్కలు గాలి మింగాడు. తర్వాత డు, గు, తె, గు, ను అని ఐదు అంగలు వేసి కోట మెట్ల మీద బోర్లా పడ్డాడు.

వెనక సరస్సులో ఒక్క రాయి కూడా మిగల్లేదు. అవతలి గట్టు మీద పేరయభట్టు రెండు చేతులూ ఎత్తి ఏదో అరుస్తున్నాడు.

కాలఘోణుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఎవడు చెప్పాడురా నీకు? ఆ రేఫ తేలుతుందని పండితులే కనిపెట్టలేక చచ్చారు!"

"వాళ్ళు కళ్ళతో చదివి ఉంటారు. నాకు నాలుక చెప్పింది. నీ పద్యం దాటాను. నా ఆడదాన్ని విప్పు."

 మెల్లగా కాలఘోణుడి పెదవుల మీదికి నవ్వు వచ్చింది. ఆ నవ్వు చూసి కావలివాళ్ళు కూడా రెండడుగులు వెనక్కి వేశారు.

"విప్పండ్రా" అన్నాడు.

భటులు కట్లు విప్పారు, నోట్లో గుడ్డ లాగేశారు. లక్కమ తూలుతూ ఒక్క అడుగు ముందుకు వేసింది. గొంకన చేతులు చాచాడు.

"నేనేమన్నాను కమ్మరీ? నాలుగు పాదాలూ దాటితే నాలుగు పాదాలూ నీవే అన్నాను. నీవి రెండు, దానివి రెండు. తీసుకో. మిగతా మనిషి సంగతి నేనెప్పుడన్నా మాటిచ్చానా?"

వాడు వేలు ఎత్తి మూడు మాటలు గొణిగాడు. లక్కమ జడ మొదట ఇనుములా నల్లగా బిగిసిపోయింది. ఆ నలుపు నుదుటి మీదికి, కళ్ళ మీదికి దిగింది. "ఏమయ్యా, కాళ్ళు…" అని ఏదో అనబోయింది. పెదవులు తెరిచినవి తెరిచినట్టే ఇనుమైపోయాయి. మెడ, భుజాలు, సమ్మెట ఎత్తి ఎత్తి కాయలు కాసిన చేతులు, నడుము, మోకాళ్ళు. చీలమండల దగ్గరికి వచ్చి నలుపు ఆగిపోయింది. కింద రెండు పాదాలు మాత్రం పసుపుతో, దుమ్ముతో, నెరెలు విచ్చిన మడమలతో, ప్రాణంతో ఉన్నాయి.

"మాటంటే మాటే. సూర్యుడు కుంకేదాకా వెచ్చగానే ఉంటాయి, పట్టుకుని కూర్చో. ఆ తర్వాత అవీ ఇనుమే. అయినా నీవే, నేను వద్దనను" అన్నాడు కాలఘోణుడు. తర్వాత భటుల వైపు తిరిగి, "నాకు ఆకలేస్తోంది. వంట అయిందేమో చూడండి" అంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

గొంకన ఏడ్చాడు. దాచుకునే ఓపిక లేక బావురుమన్నాడు. ఆ రెండు పాదాలనూ కౌగిలించుకుని, "నావల్లేనే, నా కత్తుల వల్లే" అని నేలకు తల కొట్టుకున్నాడు. ఎంతసేపు ఏడ్చాడో, వాడి చెంప కింద లక్కమ కాలు కదిలింది. మడమ నేలను గట్టిగా తాకింది. బొటనవేలు చిన్నగా తట్టింది. మళ్ళీ మడమ.

నొప్పి పెడుతోందేమో అనుకున్నాడు. మళ్ళీ అదే. ధాం. త. ధాం.

గొంకన ఏడుపు ఆగిపోయింది.

ఇనుము చల్లారింది. మళ్ళీ కొలిమిలో పెట్టు.

"ఒసే, నీకు మతిపోయిందా!" అన్నాడు, పక్కన కావలివాళ్ళున్నారన్న సంగతి కూడా మరిచి. "కాళ్ళు ఇంకా మాంసమేనే! కాలిపోతాయే!"

ధాం త ధాం. విసుగు కూడా వినిపించింది ఆ దెబ్బలో. పని నడిచేటప్పుడు వాడు ఆలస్యం చేస్తే ఎట్లా కొట్టేదో అట్లాగే.

వాడు తల ఎత్తి చుట్టూ చూశాడు. సింహద్వారం పక్కనే ఒక పాక. పాకలో కొత్త కొలిమి, తోలుతిత్తి, దాగలి, గోడకు ఆనించిన సమ్మెట. కత్తులకు పదును పెట్టించడానికి కాలఘోణుడు కట్టించి ఉంచినది. దేశంలో ఏ కమ్మరీ ఒప్పుకోక అందులో నిప్పు పడలేదు. ఏడు రాజ్యాల మంత్రాలు నేర్చినవాడు, కమ్మరివాడి పెళ్ళాన్ని ఇనుముగా మార్చి, కొలిమి పక్కన వదిలేసి, భోజనానికి వెళ్ళాడు. ఎర్రగా కాలిన ఇనుము కట్టిన రూపం వదిలి, కమ్మరి చెప్పిన రూపానికి తిరుగుతుంది.

గొంకన కళ్ళు తుడుచుకుని కావలివాళ్ళ దగ్గరికి వెళ్ళాడు.

"బొగ్గులు పోయించండి. పదును పెడతాను."

"ఇప్పటికి బుద్ధొచ్చిందా!" అని వాళ్ళు నవ్వి, తామే గంపలతో బొగ్గులు తెచ్చి పోశారు. ఒకడు నిప్పు కూడా తెచ్చి ఇచ్చాడు. ఆ తర్వాత కమ్మరివాడి ఏడుపు చూడడం విసుగుపుట్టి నీడకు పోయి కూర్చున్నారు.

వాడు లక్కమను ఎత్తలేక ఎత్తి, ఈడ్చలేక ఈడ్చి పాకలోకి తెచ్చాడు. ఇనుప తలను కొలిమిలో పెట్టి, పాదాలు బయటికి వచ్చేలా వాలుగా పడుకోబెట్టాడు. తలపాగా చింపి, తొట్టి నీళ్ళలో తడిపి, రెండు పాదాలకూ దట్టంగా చుట్టాడు. తిత్తి తొక్కాడు. బొగ్గులు బుసకొట్టాయి. ఇనుప జడ మొదలంటా ఎర్రబడింది, నుదురు ఎర్రబడింది, తెరిచిన పెదవుల అంచులు దానిమ్మగింజల రంగుకు తిరిగాయి. వేడి కిందికి, కిందికి పాకింది. తడిగుడ్డల్లోంచి పొగ లేచింది. కమురు వాసన వచ్చింది. పాదాల వేళ్ళు పదీ ఒక్కసారిగా ముడుచుకుపోయాయి.

"చాలా? చాలా లక్కమా? తీసెయ్యనా?" అని గొంకన అరిచాడు. వాడు పట్టకారు అందుకున్నాడు.

ముడుచుకున్న వేళ్ళు మెల్లగా విచ్చుకున్నాయి. మడమ నేలను తాకింది, బొటనవేలు తట్టింది, మళ్ళీ మడమ తాకింది. ధాం త ధాం.

గొంకన పట్టకారు కింద పడేసి, ఏడుస్తూనే మళ్ళీ తిత్తి మీద కాలు వేశాడు.